ఉంగరపు వేలు

వసుమతి కుడిచేతి ఉంగరపు వేలికి పైకి చూస్తే ఏ జబ్బూ లేదు. వచ్చిన చిక్కంతా అదే. వాపు లేదు, కురుపు లేదు, గోరు చుట్టూ ఎర్రదనమైనా లేదు. కట్టు కట్టుకుని తిరుగుదామంటే గాయమంటూ ఉండాలి కదా! పదిమందిలో కూర్చుని నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి ఒక వేలిని గుప్పిట్లో దాచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వంగిపోతే చూసేవాళ్ళకి ఏమనిపిస్తుంది? నటన అనిపిస్తుంది, లేదా మతి సరిగా లేదనిపిస్తుంది. అమెరికాలో, వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళకీ ఆ రెండూ వంతులవారీగా అనిపించాయి.

నొప్పి అంటే మామూలు నొప్పా అది? గోటి కింద ఎర్రగా కాల్చిన సూది గుచ్చి, గుచ్చినవాడు ఊరుకోకుండా దాన్ని అక్కడే తిప్పుతున్నట్టు ఉండేది. అక్కణ్ణించి మోచేతి దాకా, మోచేతి నుంచి భుజం దాకా పాకేది. జాకెట్టు హుక్కు పెట్టుకుంటుంటే గోరు తగిలితే చాలు. ఒకసారి వంటింటి సొరుగు మూస్తుంటే దాని అంచు తగిలి, పాపం, అక్కడికక్కడే నేల మీద కూలబడిపోయింది. పొయ్యి మీద పులుసు మాడిపోయి, పొగకి అలారం మోగేదాకా లేవలేకపోయింది.

భర్త దామోదర్ కార్ల కంపెనీలో ఇంజినీరు. మంచివాడే. మంచివాడు కాబట్టే సెలవలన్నీ పెట్టి డాక్టర్ల చుట్టూ తిప్పాడు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నాడు. కీళ్ళ డాక్టరు రక్తం తీసి ఏమీ లేదన్నాడు. నరాల డాక్టరు చెయ్యంతా సూదులు గుచ్చి, కరెంటు పెట్టి, ఏమీ లేదన్నాడు. ఎప్పుడు వస్తుంది నొప్పి అని అందరూ అడిగారు. ముట్టుకుంటే వస్తుంది, పెరుగు తింటే వస్తుంది అని వసుమతి ఉన్నమాట చెప్పింది. పెరుగు తింటే వేలు నొప్పా అని ముక్కున వేలేసుకుని, వాళ్ళు ఆమెను ఎలర్జీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన పాలూ పెరుగూ మానెయ్యమన్నాడు. మానేస్తే నొప్పి కాస్త తగ్గింది కూడాను! ఆయన పొంగిపోయాడు. ఆ చలికాలం కారు తాళం ముట్టుకోగానే మళ్ళీ ప్రాణం పోయినంత పనైంది. మానినా లాభం లేదని మళ్ళీ పెరుగు మొదలుపెట్టింది.

చలి సంగతి ఎవరికీ చెప్పలేదా అంటే, చెప్పలేదు. మిషిగన్‌లో జనవరిలో వేళ్ళు నొప్పెట్టని వాళ్ళెవరు? అందరికీ ఇంతేనేమో, తనకే ఓర్పు తక్కువేమో అనుకుంది.

"అన్నీ నార్మల్ అంటున్నారు వసూ. సంతోషించాలి గాని ఏడుస్తావేంటి?" అన్నాడు దామోదర్ ఒకరోజు. విసుగ్గా అనలేదు, నిజంగానే అడిగాడు. వసుమతికి మాత్రం అది వేరేగా వినిపించింది. ఈయన కూడా నమ్మడం మానేశాడన్నమాట అనుకుంది. ఆ తర్వాతి డాక్టరు మనసు డాక్టరు. ఆయన ఇచ్చిన మాత్రలు వేసుకుంటే పగలంతా మగతగా ఉండేది. నొప్పి మాత్రం ఆ మగతలోకి కూడా వచ్చి తట్టి లేపేది. నిజంగానే ఇదంతా నా బుర్రలోంచే పుడుతోందా, నాకు పిచ్చెక్కుతోందా అని భయపడి, ఆ భయం ఎవరికీ చెప్పుకోలేక నోరు కుట్టేసుకుంది.

చివరికి ఒక సర్జన్ చెప్పాడు, వేలి చివర తీసేస్తే నొప్పి పీడ విరగడైపోతుందని. పై కణుపు దాకా మాత్రమేనట, పెద్ద పనేమీ కాదట. వసుమతి సరే అంది. అంత తొందరగా ఒప్పుకుందేమిటా అని దామోదర్ తెల్లబోయి చూశాడు. విసిగి వేసారిన మనిషి దేనికైనా సరే అంటుంది. కారెక్కి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతుండగా భయం పట్టుకుంది చూడండి, ఇక వదల్లేదు.

ఎందుకంటే అది బొట్టు పెట్టే వేలు. తనకి పెట్టుకున్నా, పేరంటానికొచ్చిన వాళ్ళకి పెట్టినా, చిన్నప్పటినుంచీ కుంకుమలోకి దానంతట అది వెళ్ళేది ఆ వేలే. నొప్పి మొదలైనప్పటినుంచి నడిమి వేలితో కానిస్తోంది. ఆ నాలుగు కుటుంబాల్లో ఒకరైన విద్య వాళ్ళింట్లో నోము నాడు అది ఎవరో చూసి, "అదేం అలవాటమ్మా?" అని అడిగారు. రేపు ఆ వేలు మొండిగా కనిపిస్తే అడగను కూడా అడగరు, బొట్టు పెట్టించుకోకుండానే తప్పుకుంటారు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఆ వేలి చివర లేకుండా తన చెయ్యి ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి దాన్ని మడిచి చూసుకునేది. చూడలేక వెంటనే మళ్ళీ చాచేసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారు నాగమణి బాపట్ల నుంచి ఆరునెలలు ఉండిపోదామని దిగింది. మామగారికి ఇంకా ఉద్యోగం ఉంది, అందుకని ఒక్కతే వచ్చింది. మనిషి పొట్టిగా ఉన్నా గొంతు మాత్రం పెద్దది. కోడలి వేలు సంగతి విని, "అంతా వేడి. ఈ దేశంలో ఇరవైనాలుగ్గంటలూ ఇల్లు కాగబెట్టుకుని కూర్చుంటే వేడి చెయ్యదూ?" అని తేల్చేసింది. చలవ చేస్తుందని తన వెంట తెచ్చిన గోరింటాకు పొడి తడిపి, పది వేళ్ళకీ గుప్పెళ్ళతో పెట్టింది. చల్లటి ముద్ద ఆ వేలి మీద పడేసరికి వసుమతికి పైప్రాణాలు పైనే పోయాయి. "పండేదాకా కదలకు" అంది అత్తగారు. వసుమతి కదల్లేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. నొప్పి తగ్గలేదు సరిగదా, తగ్గేదాకా పెట్టాల్సిందేనని నాగమణి మళ్ళీ మళ్ళీ పెట్టింది. గోళ్ళు మాత్రం చక్కగా ఎర్రగా పండాయి.

వేలు తీసేముందు ఇంకో డాక్టరు కూడా చూసి సరే అనాలని ఇన్సూరెన్సు కంపెనీ పట్టుబట్టింది. ఆయన పేరు వాలెస్, చేతుల సర్జన్, ముసలాయన. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనని నాగమణి కూడా కారెక్కింది. ఆపరేషన్ రోజు దగ్గరికొచ్చేసింది. ఇక ఈయన సంతకం ఒక్కటే మిగిలింది అనుకుంటూ వసుమతి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వాలెస్ పాత కాగితాలన్నీ తిరగేసి, "నొప్పి ఎప్పుడు వస్తుంది?" అని అందరూ అడిగిందే అడిగాడు.

"ముట్టుకుంటే. యోగర్ట్ తిన్నప్పుడు" అంది వసుమతి. ఆ మాట తనకే వెర్రిగా వినిపించింది.

పెరుగు మాట నాగమణికి తెలియలేదు గాని, కోడలు తన వేలు చూపించి తిండి గురించి ఏదో చెబుతోందని మాత్రం కనిపెట్టేసింది. ఇక ఆగుతుందా! కుర్చీ ముందుకి జరుపుకుని, తెలుగులోనే అందుకుంది.

"డాక్టరు గారూ, మీరైనా గడ్డి పెట్టండి దీనికి. పప్పన్నం చేత్తో తింటుంది, పులుసన్నం చేత్తో తింటుంది, తీరా పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మహారాణిగారికి చెంచా కావాలి! మా ఇంటావంటా లేదు. నేను తోడుపెట్టిన పెరుగు ముట్టుకోవడానికి దీనికి అసయ్యం" అంటూ గాల్లోనే కంచం పెట్టుకుని, ఐదు వేళ్ళూ ముంచి అన్నం కలిపి, ముద్ద చేసి, ఆ ముద్దని నోటిదాకా తీసుకెళ్ళి చూపించింది.

దామోదర్ ముఖం కందగడ్డయింది. "అమ్మా, నువ్వూరుకో."

"ఆవిడ ఏమంటున్నారు?" అన్నాడు వాలెస్.

"నథింగ్ డాక్టర్. ఫ్యామిలీ మేటర్."

"చెయ్యి చూపించి చెబుతున్నారు కదా. చెయ్యి సంగతైతే అది నా మేటరే."

ఆఫీసు పార్టీల్లో ఫోర్కు పట్టుకోవడం మొగుడూ పెళ్ళాం ఎంత కష్టపడి నేర్చుకున్నారో వాళ్ళకే తెలుసు. మేం ఇంట్లో చేత్తో తింటామండీ అని ఇన్నేళ్ళలో ఒక్క తెల్లవాడి దగ్గరా అనలేదు. డాక్టర్ల దగ్గర కూడా వసుమతి పెరుగు తింటే అంది గాని, పెరుగులో వేలు పెడితే అనలేదు. సిగ్గు! వాళ్ళకి మాత్రం చెంచాతో పెరుగు తినే మనిషి తప్ప ఇంకేం తోస్తుంది? దామోదర్ నేల చూపులు చూస్తూ, తల్లి ఫిర్యాదు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు.

ముసలాయన కలం కింద పెట్టేశాడు. "వేళ్ళతో కలుపుతారా? ఈ వేలు అందులో మునుగుతుందా?"

వసుమతి తలూపింది.

"పప్పు వేడిగా ఉంటుందా?"

"ఉంటుంది."

"మరి యోగర్ట్?"

"ఫ్రిజ్‌లోంచి తీస్తాం."

ఆయన లేచి వెళ్ళి, తనే స్వయంగా ఒక గ్లాసులో మంచుముక్కలు వేసిన నీళ్ళు తెచ్చాడు. ఒక్కొక్క వేలే అందులో పెట్టమన్నాడు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు ఊరికే చల్లగా ఉన్నాయి. ఉంగరపు వేలు పెట్టగానే వసుమతి వేసిన కేకకి బయట కూర్చున్న వాళ్ళు కూడా తలుపు వైపు చూశారు. ఆయన చిటికెన వేలు కూడా పెట్టించాడు. దానికేమీ లేదు. తర్వాత ఒక గుండుసూది తీసుకుని దాని తలతో ఆ గోటి మీద ఇక్కడా అక్కడా మెల్లిగా నొక్కుతూ వచ్చాడు. గోటి మొదట్లో ఒక్కచోట నొక్కగానే వసుమతి కుర్చీలోంచి ఎగిరిపడింది.

"చంపేస్తున్నాడేంట్రా దాన్ని! లెండి, పోదాం" అని నాగమణి లేచి నిలబడింది.

వాలెస్ ఊరుకోలేదు. రక్తపోటు చూసే పట్టీ భుజానికి చుట్టి బిగించి, చేతిలోకి రక్తం పోకుండా చేసి, అదే చోట మళ్ళీ నొక్కాడు. ఏమీ లేదు! వసుమతి నోరు తెరిచి చూసింది. మూడేళ్ళలో ఆ చోటు ముట్టుకుంటే నొప్పి లేకపోవడం అదే మొదటిసారి. పట్టీ వదిలాడు, నొప్పి వచ్చేసింది.

"ఈ నెయిల్ పాలిష్ ముందే తీసెయ్యాల్సింది" అన్నాడు ఆయన, దీపం దగ్గరికి లాగి.

"అది తుడిస్తే పోదు. ఆకు రంగు. నొప్పికి మా అమ్మ పెట్టింది" అన్నాడు దామోదర్.

కొత్తగా పెరిగి ఎరుపు ఇంకా అంటని గోటి మొదట్లో, సన్నగా, నీలం మచ్చ ఒకటి ఉంది. మిగతాదంతా గోరింటాకు కింద దాగి ఉంది. ఆ మచ్చ చుట్టూ ఆయన కలంతో సున్నా చుట్టాడు. "అమ్మా, నీ జబ్బు నీ తలలో లేదు. ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు.

ఆ మాటకి వసుమతి భోరుమంది. ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇంతకాలం తన మాట తనే నమ్మకుండా బతికిన మనిషి మరి! దామోదర్ ఆమె వీపు నిమిరాడు.

అక్కడితో అయిపోతే బాగానే ఉండును. ఆ మచ్చకి వాలెస్ పేరు చెప్పాడు. గ్లోమస్ ట్యూమర్. చాలా అరుదుగా వస్తుందట. చాలామంది డాక్టర్లు జీవితంలో ఒక్కటి కూడా చూడరట. ఆ పేరులో మొదటి మాట వసుమతి చెవిన పడలేదు. రెండోది మాత్రం పిడుగులా పడింది. ట్యూమర్ అంటే క్యాన్సరేగా! వేలికి పక్కవైపు నుంచి అప్పటికప్పుడు తీయించిన కొత్త ఎక్స్‌రే ఆయన పట్టుకొచ్చి, దాచకుండా చెప్పాడు. "ఇది దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేని గడ్డే. గోరు ఎత్తి, గింజంత గడ్డ తీసేసి, గోరు మళ్ళీ కప్పేస్తాను. కాని ఎముక మీద చిన్న గుంట కనిపిస్తోంది. గడ్డ ఒత్తిడికి పడిన గుంటే అనుకుంటున్నాను. అక్కడికక్కడే పరీక్ష చేయిస్తాను. నేననుకున్నది కాకపోతే మాత్రం వేలు ఉంచలేను. తెరిస్తేగాని తెలియదు. రెంటికీ ఒప్పుకుంటేనే చేస్తాను."

వసుమతి రెంటికీ ఒప్పుకుంది. ఇంతకుముందు వేలు పోతుందని ఖాయంగా తెలుసు. ఇప్పుడు ఉండొచ్చని ఆశ పుట్టింది. ఆశ పుట్టాక భయం ఇంకా ఎక్కువైంది. ఇక ముద్ద దిగలేదు.

ఇంటికొస్తుంటే కారులో నాగమణి గొంతు మొదటిసారి చిన్నదైంది. "అబ్బాయ్, నేను పెట్టిన గోరింటాకు వల్లే మచ్చ కనపళ్ళేదా?" దామోదర్ అద్దంలోంచి తల్లిని చూశాడు. "చల్లటి ముద్ద పెట్టి, పండేదాకా కదలొద్దన్నాను" అని తనలో తనే అనుకుంది. ఇంటికి రాగానే మిగిలిన పొడి తీసుకెళ్ళి చెత్తబుట్టలో పోసేసింది.

ఆపరేషన్‌కి ముందు చెయ్యవలసినవి ఆస్పత్రి వాళ్ళు చెప్పి పంపారు. చేతికి పొద్దునా సాయంత్రం ఒక గోధుమరంగు మందు సబ్బు రుద్దాలి. కుడిచేతి గాజులు తీసెయ్యాలి. వసుమతి చేతికి సబ్బునురగ పట్టించి, నాగమణి ఒక్కొక్క గాజూ చిట్లకుండా జార్చింది. బోసి చెయ్యి చూసుకోవడానికి వసుమతికి మనసొప్పలేదు, పైట కింద దాచుకుంది.

అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. అది దామోదర్‌కి కూడా చెప్పలేదు. తెరిచి చూస్తే ఏమీ లేకపోతే? మచ్చ ఉట్టి మచ్చే అయితే? అప్పుడిక పిచ్చి ఖాయమే కదా! ఆ వారమంతా చల్లటి వస్తువు తగలకుండా చూసుకోవడంతో నొప్పి కాస్త నెమ్మదించింది. నెమ్మదించినకొద్దీ ఆమెకి ఆ భయం పెరిగింది. ఒక మధ్యాహ్నం బాత్రూములోకి వెళ్ళి, జడలోంచి పిన్ను తీసి, దాని మొనతో ఆ నీలం మచ్చ మీద తనే నొక్కుకుంది. నొప్పి వచ్చింది. హమ్మయ్య, ఉంది! అని నవ్వబోయి, తొట్టి అంచు పట్టుకుని జారిపోయింది.

తలుపు తోసుకుని నాగమణి వచ్చింది. కోడలి ముఖం, చేతిలో పిన్ను చూసి అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ చూసింది పళ్ళు బిగబట్టుకుని కూర్చున్న కోడల్ని. ఈ ముఖం ఎప్పుడూ చూళ్ళేదు.

"ఏం పనే ఇది, పిచ్చిదానా?"

"ఉందో లేదో చూసుకున్నానత్తయ్యా. లోపల ఏమీ లేదంటారేమోనని భయంగా ఉంది. వేలు తీసేస్తారేమోనని భయంగా ఉంది. నాకు చాలా భయంగా ఉంది" అంది వసుమతి, చిన్నపిల్లలా.

నాగమణి చీర కుచ్చెళ్ళు సర్దుకుని ఆ టైల్సు మీదే పక్కన కూర్చుంది. "నాకూ భయంగానే ఉందే. ఇంకెప్పుడూ నిన్ను పిచ్చిదానా అనను" అంది. అన్న మాట మీద ఎంతోసేపు నిలబడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆపరేషన్ రోజు పొద్దున్నే దామోదర్ కారు బయటికి తీసి వేడెక్కిస్తున్నాడు. వసుమతి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, కోటు వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడింది. నాగమణి స్నానం చేసి, నుదురు బోసిగా పెట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని ఎదురొచ్చింది.

"బొట్టు పెట్టు" అంది.

వసుమతి నడిమి వేలు చాచింది.

"దాంతో కాదు. ఆ వేలితో పెట్టు."

వసుమతి అత్తగారి ముఖంలోకి చూసింది. ఆ వేలితో పెట్టే ఆఖరి బొట్టు ఇదేనేమోనని ఇద్దరికీ అనిపించింది. వసుమతి ఊపిరి బిగబట్టి, ఉంగరపు వేలు భరిణెలో ముంచింది. నుదుటికి ఆనించగానే నొప్పి భుజం దాకా లాగింది. వేలు జారి, కుంకుమ కనుబొమ్మ వైపు వాలిపోయింది. నాగమణి కళ్ళు మూసుకుని, కదలకుండా పెట్టించుకుంది.

ఆస్పత్రిలో చంకలో ఇంజెక్షన్ ఇచ్చి కుడిచెయ్యంతా మొద్దుబార్చారు. చేతికీ ముఖానికీ మధ్య నీలం గుడ్డ ఒకటి అడ్డం కట్టారు. పరికరాల చప్పుడు వినిపిస్తోంది. వాలెస్ మొదట్లో వాతావరణం గురించీ, బేస్‌బాల్ గురించీ మాట్లాడాడు. ఉన్నట్టుండి మాటలు ఆపేశాడు. ఎందుకాపాడు? వసుమతి గుడ్డ అవతల ఏముందో చూడాలని మెడ సాచింది. ఆమె గుండె పరుగులు చూసి కాబోలు, ఎవరో రెండో చేతికి ఉన్న సూదిలోకి మందెక్కించారు. వేలు, నా వేలు అనుకుంటూనే నిద్రలోకి జారింది.

కళ్ళు తెరిచేసరికి ఇంకో గదిలో ఉంది. కుడిచెయ్యి దిండు మీద, మోచేతి దాకా తెల్లటి కట్టులో, కొబ్బరికాయంత ఉంది. కదిలిద్దామంటే కదలదు. ఎవరి చెయ్యో తెచ్చి పక్కన పెట్టినట్టుంది. కట్టు లోపల వేళ్ళు ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? నర్సును అడిగితే డాక్టరు వచ్చి మాట్లాడతారంది. మాట్లాడతారంటే ఏమిటి అర్థం? మంచి వార్తయితే తనే చెప్పొచ్చుగా! వసుమతి ఎడమచేత్తో కట్టు తడిమి చూసింది.

తెర పక్కకి తప్పించుకుని నాగమణి వచ్చింది. దామోదర్ మందులు తీసుకురావడానికి కిందికి వెళ్ళాడట.

"అత్తయ్యా" అంది వసుమతి.

"మాట్లాడకు, అలిసిపోతావు. ఇందాక ఆ ముసలాయన వచ్చి వాడితో ఇంగ్లీషులో ఏవేవో చెప్పాడు. నాకేం తెలుస్తుంది! చెయ్యి పట్టుకుని అడిగాను, మా పిల్ల వేలు ఏమైందయ్యా అని. అప్పుడు నా ముందుకొచ్చి ఇదిగో, ఇలా చేశాడు" అంది నాగమణి.

కుడిచెయ్యి ఎత్తి, ముందు గింజంత దాన్ని రెండు వేళ్ళతో తీసి పారేసినట్టు చేసి, ఐదు వేళ్ళూ విడదీసి చూపించింది. తర్వాత ఆ ఐదు వేళ్ళూ కిందికి వంచి, లేని కంచంలో లేని పెరుగన్నం కలిపి, ముద్ద చేసి, నోటిదాకా తీసుకెళ్ళింది. "సరిగ్గా నేను చేసినట్టే చేశాడే. మర్చిపోలేదు, సచ్చినోడు" అంటూ కళ్ళు తుడుచుకుంది.

వసుమతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాసేపటికి తేరుకుని, అత్తగారి ముఖం కేసి సరిగ్గా చూసింది. పొద్దున పెట్టిన బొట్టు అలాగే ఉంది, కనుబొమ్మ మీదికి ఒరిగిపోయి.

"బొట్టు వంకరగా ఉందత్తయ్యా. పొద్దుటినుంచీ ఇంతమంది మధ్యలో అలాగే కూర్చున్నారా? తుడిచి సరిగ్గా పెట్టుకోకపోయారా?"

"నేనెందుకు తుడుచుకుంటాను?" అంది నాగమణి. "పెట్టిన వేలు ఉందిగా. కట్టు విప్పాక అదే వచ్చి దిద్దుతుంది."